వెంకటాపురం మెట్లదారికి యజమాని ఎవరు?

నల్లమల నడకదారితో సంబంధమున్న అటవీ, దేవాదాయ, పురావస్తు, గిరిజన సంక్షేమ శాఖల అధికారులకు, ఉమ్మడి కర్నూలు జిల్లా ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఆత్మకూరు పక్కన వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి నాగలూటి, పెచ్చెర్వు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కొండదారి గురించి ఈ లేఖ. నలభై కిలోమీటర్ల పైచిలుకు నడక. శివరాత్రికి శివస్వాములు, ఉగాదికి కన్నడ భక్తులు వేలకు వేలు ఈ దారిన పోతారు. ఆ పండగ రోజుల్లో మీ కింది సిబ్బంది రాత్రింబవళ్లు పడే కష్టం మేం చూస్తూనే ఉన్నాం. వాళ్లకు మా దండాలు. ఇక అసలు సంగతికొస్తాం.

మెట్లు బాగుచేయమనీ, దారిలోని పాత బావులు, కోనేర్లు పూడిక తీయమనీ అర్జీలు పెట్టుకున్నాం. ఒక కార్యాలయంలో "దారి అడవిలో ఉంది, మా పని గుడి వరకే" అన్నారు. ఇంకో కార్యాలయంలో "చెట్టూ జంతువూ మావి, మెట్లూ మండపాలూ మావి కావు" అన్నారు. మూడోచోట మారుమాట లేకుండా తీసుకుని ముద్ర కొట్టి రసీదు ఇచ్చారు. మర్యాదకు లోటు లేదు, జవాబు మాత్రం నేటికీ లేదు. అందుకే నలుగురి ముందుకు తెస్తున్నాం.

మేం కొత్త దారి అడగడం లేదు. రోడ్డు అసలే అడగడం లేదు. ఉన్న దారిని ఉన్నదని కాగితం మీద ఒప్పుకోమంటున్నాం. ఏటా పండగకు నెల ముందు "తాత్కాలిక ఏర్పాట్లు" అని ఒక ఫైలు తెరిచి, పండగ కాగానే మూసేస్తున్నారు. ఆ ఫైలులో ఈ దారి వయసు వారం రోజులు. అసలు వయసు ఎంతో ఒకసారి చెప్పుకుందాం.

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దల లెక్క: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన కడప సీమలో పెన్న ఒడ్డున సిద్ధవటం, పడమట ఆలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఏ దిక్కు నుంచి వచ్చినా చివరి మజిలీలు అడవిలోనే. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం పేరిట ఒక భాగమంతా శ్రీశైలానికే ఇచ్చాడు. శివరాత్రికి పోయే జనం, వాళ్ల పాటలు, ఆటలు, మొక్కులు అన్నీ అందులో ఉన్నాయి. ఇవాళ మీరు పందిళ్లు వేసే జనం ఆ జనానికి వారసులే.

14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రెడ్డిరాజుల పేరు చెప్పగానే ఇటువైపు ముసలివాళ్లు మొదట తలచుకునేది ఈ మెట్లనే. ఆ వంశంవాడే అనవేమారెడ్డి 1377లో గుళ్లో వీరశిరోమండపం కట్టించాడు. తర్వాత విజయనగర రాజు రెండో హరిహరరాయలు ముఖమండపం కట్టించాడు, ఆయన రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. కృష్ణదేవరాయలు వచ్చాడు. 1677లో శివాజీ వచ్చాడు. వీళ్లలో ఏ ఒక్కరూ ఘాట్ రోడ్డు మీద రాలేదు.

1794లో ఈస్టిండియా కుంఫిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఈ కొండకొచ్చి చూసింది చూసినట్టు దినచర్యలో రాసుకున్నాడు. గర్భగుడి చీకట్లో ఉన్న లింగాన్ని అద్దంతో ఎండను లోపలికి మళ్లించి చూపించేవారట. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి ఆత్మకూరు మీదుగా ఈ అడవిలోంచే శ్రీశైలం పోయొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు సుంకం వసూలు చేసుకున్న సంగతి అందులో చదవొచ్చు. నవాబు సుంకం తీసుకున్నాడు, నిజమే. కానీ దారి తన ఇలాకాలో ఉందని ఒప్పుకున్నాడు. 1839లో నవాబును దింపి కుంఫిణీ వాళ్లు కర్నూలును కలుపుకున్నారు. కొన్నాళ్లు గుడి వ్యవహారం చూసి, తర్వాత పుష్పగిరి పీఠానికి అప్పగించారు. అలా గుడి చేతులు మారినప్పుడల్లా రాతకోతలు జరిగాయి. దారి గురించి రాసినవాడు లేడు.

దోర్నాల వైపు నుంచి ఘాట్ రోడ్డు పడి, బస్సులు తిరగడం మొదలయ్యాక నడక పేదోడికీ మొక్కున్నోడికీ మిగిలింది. 1978లో అభయారణ్యం వచ్చింది, 1983లో పులుల రక్షణ పథకం ప్రాజెక్ట్ టైగర్ వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయి కృష్ణకు అవతల అడవి అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. 2022లో జిల్లాలు మారి ఆత్మకూరు నంద్యాల జిల్లాలో కలిసింది. ఇన్ని మార్పుల్లో ప్రతిసారీ పటాలు కొత్తగా గీశారు. ఏ పటంలోనూ ఈ దారికి పేరు పెట్టి ఒక గీత గీయాలని ఎవరికీ తోచలేదు.

దీనివల్ల మామూలు మనిషికి వచ్చిన కష్టాలు ఇవి:

1. అన్నిటికంటే ముందు మెట్లు. భీముని కొలను లోయలోకి దిగేచోట ఒక్కసారి ఆగి కిందికి చూడండి. రాతి పలకలు. పాదం మోపే నడిమధ్య గుంట పడి, అంచులు నున్నగా అరిగి ఉంటాయి. గుంటల్లో ఎండుటాకులు, ఆకుల కింద గులకరాళ్లు. కొన్నిచోట్ల పలక కింద మన్ను వానకు కొట్టుకుపోయి, కాలు పెట్టగానే పలక ఒక పక్కకు ఒరుగుతుంది. మెట్టు పూర్తిగా జారిపోయిన చోట జనం పక్కనున్న చెట్టు వేళ్లు పట్టుకుని దిగుతారు. మొన్నటి ఉగాదికి బాగల్‌కోటె వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, నెత్తిన మూటతో, ఒక్కో మెట్టూ కూర్చుని జరుగుతూ దిగింది. ఆమె వెనక వందలమంది ఆగిపోయారు. ఒక్కడు కూడా విసుక్కోలేదు, మల్లన్నను తలుచుకుంటూ నిలబడ్డారు. వాళ్ల ఓర్పు మెచ్చుకోదగ్గదే, కానీ ఆ ఓర్పు మీద ఆధారపడి ఏర్పాట్లు చేయడం తగదు. అక్కడ కాలు మడత పడితే జీపు వచ్చే చోటుకు చేరేదాకా డోలీ తప్ప దిక్కు లేదు. చాలాచోట్ల ఫోన్ సిగ్నలూ దొరకదు.

2. బాగుచేసిన చోటైనా బాగుందా అంటే, లేదు. ట్యాంకర్లూ ట్రాక్టర్లూ పోవడానికి యంత్రంతో చదును చేసిన చోట పాత కట్టుడు రాళ్లు పక్కకు దొర్లిపోయాయి. అంచుకట్టు తెగింది కాబట్టి రెండు వానలకే ఆ చదును చేసిన మన్ను వంకలోకి పోయింది. మెట్టు వరసలో నీళ్లు పక్కకు జారిపోవడానికి పాతవాళ్లు రాయిని ఎటు వాల్చారో చూసి నేర్చుకోవాల్సింది, జేసీబీతో తుడిచేశాం. సిమెంటు పోసిన చోట ఇంకో తంటా. చైత్రం ఎండలో ఆ సిమెంటు మీద చెప్పుల్లేని కాలు నిలవదు.

3. నీళ్లు. ఈ దారిని వేసినవాళ్లకు నీళ్ల లెక్క తెలుసు. నాగలూటిలో కోనేరు, పెచ్చెర్వులో చెరువు, మఠంబావి, భీముని కొలను. మజిలీల పేర్లలోనే నీళ్లున్నాయి. మనం ఆ నీటిచోట్లను పూడిపోనిచ్చి, ట్యాంకర్ల మీద ఆధారపడ్డాం. ట్యాంకరు ఆలస్యమైతే జనం నీళ్ల సీసా రెట్టింపు ధరకు కొంటారు. కొనలేనివాడు ఎండిన వంకలో చెలమ తవ్వుకుంటాడు. పిల్లలు, ముసలివాళ్లు ఎండకు కళ్లు తిరిగి పడిపోవడం ఏటా జరుగుతున్నదే. వేసవిలో అడవి జంతువులకు కావలసిందీ ఆ నీళ్లే కదా! కోనేరు పూడిక తీస్తే పులికీ పుణ్యమే.

4. చెంచులు. మల్లన్న చెంచుల అల్లుడని పాటలు పాడుకుంటాం, చెంచు మల్లయ్య అని మొక్కుకుంటాం. యాత్ర రోజుల్లో ఆ అత్తగారి ఊరివాళ్ల పరిస్థితి ఏమిటి? పట్నం నుంచి వచ్చినవాళ్లు అంగళ్లు పెట్టుకుంటారు, పెచ్చెర్వు గూడెం ఆడవాళ్లు పక్కన నిలబడి చూస్తారు. ఈసారి ఒకామె గుడిసె ముందు మట్టికుండ పెట్టుకుని, వచ్చినవాళ్లకు దోసిట్లో నీళ్లు పోస్తోంది, డబ్బులు అడగకుండా. పది అడుగుల అవతల సీసాల అంగడి. ఈ దారి మలుపులు, ఎలుగుబంటి తిరిగే వేళలు, నీటి చెలమలు వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. పండగ నాలుగు రోజులు కూలికి పిలిచి, ఆ తర్వాత మర్చిపోవడం ఏ పద్ధతి?

5. చెత్త, మంట. ఇందులో మా యాత్రికుల తప్పు చాలా ఉంది, దాచేది లేదు. మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకుని నిప్పు ఆర్పకుండా లేచిపోయేవాళ్లు ఉన్నారు. ఉగాది నాటికి బోద గడ్డి ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అన్నదానం చేసిన పుణ్యాత్ముల ప్లాస్టిక్ విస్తర్లు కూడా జింకల కడుపులోకే పోతున్నాయి. అయితే వంటకు ఫలానా చోటు, చెత్తకు ఫలానా చోటు, మరుగుకు ఫలానా చోటు అని ముందే నిర్ణయించి ఉంటే సగం మంది వింటారు. దారికే రికార్డు లేనప్పుడు దారిలో చోట్లు ఎవరు నిర్ణయించాలి?

ఇక చట్టం మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్‌లో అభయారణ్యంలోకి అనుమతి ఇవ్వదగిన పనుల జాబితా ఉంది. వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవాళ్లతో చట్టబద్ధమైన లావాదేవీలు ఉన్నాయి. తీర్థయాత్ర అన్న ముక్క లేదు. అందువల్ల ఏడు వందల ఏళ్ల దారిన నడిచేవాడు ఏటా అధికారి దయ మీద నడవాల్సి వస్తోంది. అదే చట్టం 27వ సెక్షన్‌లో అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారి మీద సాగిపోయేవాడికి మినహాయింపు ఉంది. మరి ఈ దారి ప్రజా రహదారేనా? రిజర్వు అడవిగా ప్రకటించేటప్పుడు దారి హక్కులు విచారించి రాయడం బ్రిటిషు కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఆ పాత సెటిల్‌మెంట్ కాగితాల్లో వెంకటాపురం దారి గురించి ఏం రాశారో బయటపెట్టమని అడుగుతున్నాం. ఇందులో మాకు అనుకూలం లేకపోతే లేదనే చెప్పండి.

"పులుల అడవి, కోర్ ఏరియా, ఏం మాట్లాడుతున్నారు" అని మీలో కొందరు అంటారని తెలుసు. ఆ మాటలో న్యాయం ఉంది. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే పిల్లలకు వేళలు పెట్టారు. అక్కడ మెట్ల వెంట దీపాలున్నాయి, మనుషులున్నారు, అయినా జరిగింది. మన దారిలో అవేవీ లేవు, ఉండకూడదు కూడా. అడవిలో దీపాల వరుస మాకు వద్దు. ముందే ఆలోచించి నియమాలు రాయమంటున్నాం, ప్రాణం పోయాక కాదు.

ఎలా రాయాలో చూపించినవాళ్లు ఉన్నారు. కేరళలో ఎరుమేలి నుంచి అళుదా, కరిమల మీదుగా పంపకు పోయే శబరిమల పాత దారి పెరియార్ పులుల అభయారణ్యం గుండానే పోతుంది. మన దగ్గర నుంచి ఎంతమంది అయ్యప్ప స్వాములు ఆ దారిన నడిచి వచ్చారో మీకు తెలియంది కాదు. అక్కడ అటవీ శాఖ, స్థానికులు కలిసి ఎకో డెవలప్‌మెంట్ కమిటీలుగా ఏర్పడి యాత్రికుల సేవ చూసుకుంటారు, ఆదాయం వాళ్లకే, అడవి కాపలా బాధ్యతా వాళ్లదే. 2012లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పులుల అడవుల్లోని తీర్థాల సంగతి పట్టించుకున్నాయి. మన కృష్ణకు అవతలే సలేశ్వరం జాతరకు చైత్ర పున్నమి రోజుల్లో మాత్రమే జనాన్ని వదులుతారు.

దేశం బయటి మాట ఒకటి. అమెరికాలో అప్పలాచియన్ ట్రెయిల్ అని మూడున్నర వేల కిలోమీటర్ల కొండ నడకదారి ఉంది. 1921లో బెంటన్ మకాయ్ అనే ఆయన కాగితం మీద ఊహించాడు, 1937కల్లా నడిచే దారి అయింది, 1968లో దానికోసం దేశపు చట్టమే వచ్చింది. ఇవాళ్టికీ దాన్ని ఊరూరి నడక సంఘాల స్వచ్ఛంద కార్యకర్తలు పార, గునపం పట్టుకుని బాగుచేసుకుంటున్నారు. వాళ్లు నూరేళ్ల కిందట దారి లేనిచోట గీత గీసి చరిత్ర మొదలుపెట్టారు. మన దగ్గర చరిత్ర ఉంది, మెట్లు ఉన్నాయి, నడిచేవాళ్లు ఉన్నారు. గీత ఒక్కటే లేదు.

మా కోరికలు:

1. వెంకటాపురం నుంచి కైలాసద్వారం దాకా దారి మొత్తం ఒకసారి కొలవండి. మెట్ల వరసలు, మండపాలు, బావులు, కోనేర్లు, శాసనాలు ఉంటే అవీ, ఒక్కొక్కటీ ఫొటోతో, కొలతతో రాయండి. అటవీ, పురావస్తు శాఖలు ఉమ్మడిగా చేయాల్సిన పని ఇది. ఆ జాబితాను తెలుగులోనూ కన్నడంలోనూ అందరికీ అందుబాటులో పెట్టండి.

2. పాత సెటిల్‌మెంట్ రికార్డు బయటపెట్టండి. దారి హక్కు నమోదై ఉంటే దాన్ని గుర్తిస్తూ ఉత్తర్వు ఇవ్వండి. లేకపోతే పులుల సంరక్షణ ప్రణాళికలో ఈ దారిని పేరుపెట్టి చేర్చి, ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఎంతమంది అన్నది రాయండి. రోజుకు ఇంతమందే అన్నా మాకు అభ్యంతరం లేదు. పొద్దు గూకాక నడవొద్దన్నా సరే. నియమం ఏదైనా పండగ ముందురోజు చెక్‌పోస్టు దగ్గర తెలియడం కాదు, రెండు నెలల ముందు తెలియాలి. ఉగాదికి వచ్చేవాళ్లు రాయచూరు, బళ్లారి, కలబురగి, విజయపుర నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా చూసుకుని సారె తెచ్చేవాళ్లు వాళ్లు. కర్నూలు, నందికొట్కూరు జనం రోడ్డు పొడవునా మజ్జిగ పోసి, కాళ్లకు నూనె రాసి పంపుతారు. అంత దూరం వచ్చినవాణ్ని వెంకటాపురం గేటు దగ్గర ఆపి "ఉత్తర్వు ఇంకా రాలేదు" అనడం మన జిల్లాకు మర్యాద కాదు.

3. మెట్లు రాతితోనే బాగుచేయండి. జారిన పలకను మళ్లీ దాని చోటనే కూర్చోబెట్టండి. యంత్రాలు, సిమెంటు వద్దు. రాతిపని తెలిసిన వడ్డెర మేస్త్రీలు మన చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు, ఆ పని వాళ్లకివ్వండి.

4. నాగలూటి కోనేరు, మఠంబావి పూడిక తీయండి. ముందు ఇవి, ట్యాంకర్లు తర్వాత.

5. యాత్ర సేవల బాధ్యత చెంచు గూడేల కమిటీలకు అప్పగించండి: దారి చూపడం, నీళ్లు, డోలీ, చెత్త ఏరడం, నిప్పు కాపలా. కూలి రోజు లెక్కన కాకుండా, యాత్రికుడు చెల్లించే రుసుంలో వాటా రూపంలో ఇవ్వండి. రుసుం పెట్టడానికి మేం ఒప్పుకుంటున్నాం. అయితే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు ఆ గూడేల గ్రామసభలను అడగండి. వద్దని వాళ్లంటే అదే ఖాయం. మేం ఒక పూట నడిచి పోయేవాళ్లం, వాళ్లకు అదే ఇల్లు.

6. కైలాసద్వారం దాకా తారు రోడ్డు వేయాలనీ, దారి పొడవునా రిసార్టులు రావాలనీ అప్పుడప్పుడు వినిపించే మాటలను ఎవరూ ప్రోత్సహించొద్దు. రోడ్డు కావాల్సినవాళ్లకు దోర్నాల దారి ఉంది.

7. ఈ పనులన్నిటికీ ఒక్క అధికారిని బాధ్యుడిగా పెట్టండి. పేరు, ఫోను నంబరు వెంకటాపురం దగ్గర బోర్డు మీద రాయించండి. "మా పరిధి కాదు" అనే మాట వినడానికి మూడు కార్యాలయాలు తిరగడం ఇకమీదట తప్పాలి.

వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి పుష్యం దాకా మాత్రమే ఆ లోయలో రాతిపని సాగుతుంది. మాఘంలో శివరాత్రి వచ్చేస్తుంది, జనం దిగుతారు, ఇక ఎవరూ గునపం ఎత్తలేరు. కాబట్టి కొలతల పని దసరా లోపల మొదలు కావాలి. మెట్లు కొలిచే రోజున మీ సిబ్బందితో పాటు నడవడానికి, టేపు పట్టుకోవడానికి, రాళ్లు మోయడానికి మాలో మనుషులు సిద్ధంగా ఉన్నారు. తిండి, దారి ఖర్చులు మావే.

ఈ లేఖ ప్రతిని, పాత అర్జీల రసీదుల నకళ్లతో కలిపి, పైన చెప్పిన శాఖలన్నిటికీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాం. జవాబు రాతపూర్వకంగా కావాలి. కుదరదన్నా సరే, ఏ సెక్షన్ కింద కుదరదో రాయండి.

ఇట్లు,
వెంకటాపురం దారిన నడిచేవాళ్ల తరఫున,
ఆత్మకూరు